తిరగేసిన చెయ్యి

విశాఖపట్నం డీలరు ఫోన్ చేసినప్పుడు నేను టెక్కలి నుంచి బస్సులో కాశీబుగ్గ వస్తున్నాను. బావ పెద్దకర్మ అయి వారం కూడా కాలేదు. ఆ సంగతి డీలరుకు తెలియదు. బావ నంబరు కలవడం లేదని నాకు చేశాడు. వేసవిలో మాకు వాడి చూడమని ఇచ్చిన డెమో ఫోనును ఇప్పుడు ఇంకో పార్టీకి పంపాలట, అందులో మేం తీసిన ఫొటోలు ఉండిపోయాయట, చెరిపేయనా అని అడిగాడు. చెరపొద్దు, ముందు నాకు పంపండి అన్నాను. అతను సరేనని, ఇంతకీ ఏ మోడల్ తేల్చుకున్నారు సార్, అన్నాడు. నా నోట్లోంచి బావ మాటే వచ్చింది.

"సూద్దాం," అన్నాను.

ఫోన్ పెట్టేసి కిటికీలోంచి బయటికి చూశాను. వరి నాట్లు పడుతున్నాయి. బావ పోయినప్పటి నుంచీ నాకు ఏది చూసినా అది అక్కడ ఉందని తెలుస్తోంది తప్ప ఇంకేమీ అనిపించడం లేదు. తిండి తింటున్నాను, పనికి వెళ్తున్నాను, రాత్రి పడుకుంటే నిద్ర పడుతోంది. మా ఆవిడ నా మొహం వంక చూసి, అడక్కుండానే మారు వడ్డిస్తోంది.

మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. మా వైపు బావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, అయినా ఆయన నన్ను బావ అనేవాడు, నేను ఆయన్ను బావ అనేవాణ్ని. మీ ఇద్దరిలో ఎవరు ఎవరికి బావ అని టీకొట్టాయన అడిగితే "సూద్దాం" అనేవాడు. ఆయన భార్యను నేను అక్క అంటాను కాబట్టి ఆ వరసన చూస్తే నేనే బావమరిదిని. ఇద్దరం కలిసి జీడి యూనిట్లలో, రైసు మిల్లుల్లో, సముద్రం ఒడ్డున ఐసు ఫ్యాక్టరీల్లో మోటార్లు, ప్యానెల్ బోర్డులు బాగుచేసేవాళ్లం. నేను టెక్కలిలో డిప్లొమా చదివాను. ఆయన ఐటీఐ. పని దగ్గర నా మాట వినేవాడు కాదు, ఆయన మాట నేను వినేవాణ్ని కాదు, పని మాత్రం ఎలాగో అయిపోయేది.

పొట్టి మనిషి. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉండేది. దాంతో ఏమైనా రాయడం నేను చూడలేదు, చెవి దురద పెడితే గోక్కునేవాడు. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కనబడేది పెన్సిలు కాదు, ఎడం చెయ్యి.

కరెంటు పనిలోకి వచ్చిన ప్రతివాడికీ మొదట నేర్పే సంగతి ఒకటుంది. దేన్నైనా అరచేత్తో ముట్టుకోకూడదు, చెయ్యి తిరగేసి వేళ్ల వెనక వైపు ఆనించాలి. అరచేత్తో ముట్టుకుంటే షాక్ కొట్టినప్పుడు వేళ్లు ముడుచుకుని దాన్నే పట్టేసుకుంటాయి. తిరగేసి ఆనిస్తే చెయ్యి ఇవతలికి వచ్చేస్తుంది. కుడిచేతిలో స్క్రూడ్రైవరు ఉంటుంది కాబట్టి బావ ఎడం చెయ్యి తిరగేసేవాడు. మేమంతా ఆ అలవాటును పని దగ్గరే వదిలేసి ఇంటికి వెళ్తాం. బావ వదల్లేదు. టీ గ్లాసును తిరగేసిన చేత్తోనే చూసేవాడు. ఇడ్లీనీ అంతే. కాశీబుగ్గ మార్కెట్లో క్యాబేజీ మీద అలా చెయ్యి ఆనిస్తే కూరగాయలామె, కొంటే కొను, దానికేం జ్వరం రాలేదు అని కసిరింది. మా చెల్లి పెళ్లిలో అక్షింతలు వేసి, పెళ్లికొడుకు నుదుటి మీద చెయ్యి తిరగేసి పెట్టి, కుర్రోడు ఏడెక్కిపోతన్నాడు, పంతులుగారూ తొందరగా కానీయండి అన్నాడు. పెళ్లివారు నవ్వలేదు. మేం మాత్రం భోజనాలయ్యేదాకా నవ్వుకున్నాం.

అలాగని ఆయన చెయ్యి ఎప్పుడూ నిజమే చెప్పేదనుకోకండి. టెక్కలి దగ్గర ఒక మిల్లులో బేరింగు చల్లగా ఉందని గట్టిగా చెప్పాడు. మేం బస్సెక్కి కాస్త దూరం వచ్చామో లేదో అది వేడెక్కి బిగుసుకుపోయిందని ఫోనొచ్చింది. దిగి, ఎండలో నిలబడి, వెనక్కి వెళ్లే బస్సు కోసం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నానుండగా సల్లగానే ఉన్నాది, నానెల్లిపోనాక ఏడెక్కితే నానేటి సేత్తాను అన్నాడు. ఆయనతో వాదన ఎప్పుడూ ఇలాగే ముగిసేది.

ఇక ఆ 'సూద్దాం' సంగతి. ఏది అడిగినా అదే. ఇంటి రేకులు మార్పిద్దామని అక్క అంటే సూద్దాం. పూండి స్టేషనుకు వచ్చి, రైలుకు వెళ్దామా బస్సుకు వెళ్దామా అంటే సూద్దాం, ఈలోగా రైలు వెళ్లిపోయేది. మా ఉద్దానంలో ఇద్దరు కలిస్తే వానల సంగతి, కొబ్బరి సంగతి అయ్యాక "నీకెంత?" అని అడుగుతారు. అడిగేది జీతం కాదు. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఎంత వచ్చిందని. కొబ్బరికాయలు దింపేవాడూ, ఆటో తోలేవాడూ, బడి పంతులూ అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. బావ అంకె పెరుగుతోందని తెలిసి, పద విశాఖ వెళ్లి పెద్ద డాక్టరుకు చూపిద్దాం అంటే సూద్దాం అన్నాడు. ఆ తర్వాత వెళ్లాడు కూడా, మందులు మింగాడు, ఉప్పు మానేశాడు. ఏం చేసినా అది ఆగలేదు. పలాసలో డయాలసిస్ మొదలైంది.

డయాలసిస్ కోసం ఎడం మోచేతి దగ్గర రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల గుర్రుమని అదురుతూ ఉంటుంది. చాలామంది దాన్ని చొక్కా చేతి కింద దాచుకుంటారు. బావ టీకొట్టు దగ్గర ఎవరు కనబడినా ఆ చెయ్యి చాపేవాడు. సెవెట్టి ఇనండి, ట్రాన్స్‌ఫార్మర్ లాగ గుర్రుమంతాది, లైనున్నాది అనేవాడు. కొందరు చెవి పెట్టి వినేవారు. కొందరు సగం టీ వదిలేసి లేచిపోయేవారు.

ఫోన్ల పిచ్చి ఆ తర్వాత పట్టింది. మామూలు ఫోన్లు కావు. కింద పడినా పగలకుండా, నీళ్లలో మునిగినా పాడవకుండా చేసిన మొద్దు ఫోన్లు. వాటి వెనక మామూలు కెమెరా పక్కన ఇంకో కెమెరా ఉంటుంది. అది వెలుగును కాదు, వేడిని చూస్తుంది. వేడిగా ఉన్నది తెల్లగా, పసుపుగా కనబడుతుంది, చల్లగా ఉన్నది ఊదాగా, నల్లగా కనబడుతుంది. బోర్డులో ఏ జాయింటు వేడెక్కుతోందో ముట్టుకోకుండా దూరం నుంచే తెలిసిపోతుంది. అంతకుముందు ఒకసారి నేను అలాంటి కెమెరా అద్దెకు తెద్దామంటే, సెయ్యుండగా కెమెరా ఏటికి అని కొట్టిపారేసినవాడు. ఇప్పుడు డయాలసిస్ మంచం మీద ఉన్నంతసేపూ వాటి వీడియోలే. హిందీవాళ్లు చెప్పినా చూసేవాడు, ఇంగ్లీషువాళ్లు చెప్పినా చూసేవాడు, చైనావాళ్లు చెప్పినా తల ఊపుతూ చూసేవాడు. పక్క మంచం మీదున్నాయనకు సొంత ఫోనే లేదు, ఆయనకూ ఏది మంచిదో అభిప్రాయం ఏర్పడిపోయింది.

వడపోసి వడపోసి రెండు మిగిల్చాడు. ఒకటి బరువు, జేబులో పెడితే చొక్కా ఒక పక్కకి లాగేస్తుంది. కానీ దాంట్లో వేడి బొమ్మ స్పష్టంగా వస్తుంది. రెండోది తేలిక, బొమ్మ మాత్రం అలుక్కుపోయినట్టుంటుంది, వేడెక్కింది బోల్టో దాని పక్క తీగో తెలియదు. నాకైతే చూడగానే తేలిపోయింది. బారువ సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి ఒడ్డునున్న ఐసు ఫ్యాక్టరీల్లో ప్రతి బోల్టూ తుప్పే, ప్రతి జాయింటూ అనుమానమే. మనకు కావలసింది బొమ్మ, బరువైనదే తీసుకుందాం, డబ్బు సంగతి నేను చూసుకుంటానన్నాను. ఆయన సూద్దాం అన్నాడు.

డీలర్లను ఆయన అడిగే ప్రశ్నలు నాకు వింతగా ఉండేవి. బొమ్మ గురించి అడిగేవాడు కాదు. పడితే ఏటవుద్ది అని అడిగేవాడు. ఎంత ఎత్తునుంచి, సిమెంటు మీదా మట్టి మీదా, బోర్లా పడితేనా వెల్లకిలా పడితేనా అని పట్టిపట్టి అడిగేవాడు. పక్కనున్న గుండీ నొక్కితే చప్పుడొస్తుందా అనేవాడు. చప్పుడెందుకు సార్, తెర మీద వేలు పెడితే చాలు అని వాళ్లంటే, గుండీయే కావాలి, నొక్కినట్టు వినపడాలి అనేవాడు. వెనక పక్క గరుకుగా ఉంటుందా, తాడు కట్టుకోవడానికి కన్నం ఉందా అనేవాడు. నేను పక్కన కూర్చుని పళ్లు నూరుకునేవాణ్ని. చివరికి ఈ విశాఖ డీలరు విసిగిపోయి, మీరే వాడి చూడండి సార్, ఇంక నన్ను అడక్కండి అని ఆ బరువైన దాన్నే డెమో కింద కొన్నాళ్లు ఉంచుకోమని బస్సు పార్సిల్లో కాశీబుగ్గ పంపించాడు.

మర్నాడే దాన్ని తీసుకుని ఒక జీడి యూనిట్‌కు వెళ్లాం. అక్కడ జీడిగింజల్ని ఆవిరిలో ఉడికించే కుక్కరుంది. మనిషెత్తు స్టీలు పీపా, కొత్తది, అద్దంలా మెరుస్తోంది. దాని పొట్టకు బిగించిన సెన్సారు పనిచెయ్యడం లేదు, మార్చాలి. ఆవిరి కట్టేసి చాలాసేపైందని, చల్లారిపోయి ఉంటుందని ఆపరేటరు చెప్పి టీకి వెళ్లాడు. బావ ఫోను తీసి కుక్కరు మీదికి పట్టాడు. తెర మీద పీపా అంతా ఊదా రంగు. గోడ ఎలా ఉందో అదీ అలాగే ఉంది. ఆ ఊదా మధ్యలో ఇద్దరు మనుషుల ఆకారాలు, మొహాల్లేకుండా, పసుపుగా, అలుక్కుపోయి కనబడ్డాయి. ఒకటి పొట్టిది. బావ మురిసిపోయాడు. మనమే బావ, అని గుండీ నొక్కి ఫొటో తీశాడు. చప్పుడొచ్చింది. ఆ చప్పుడుకు ఇంకా మురిసిపోయాడు.

తర్వాత ఎప్పట్లాగే ఎడం చెయ్యి తిరగేసి కుక్కరు పొట్ట మీద ఆనించాడు.

"సల్లగున్నాది," అన్నాడు. "ఫోనూ అదే సెప్తన్నాది, సెయ్యీ అదే సెప్తన్నాది."

చెయ్యి అక్కడే ఉంచి, ఈ ఫోను పట్టు బాగుందని, జారిపోవడం లేదని చెబుతున్నాడు. నేను సెన్సారు విప్పుదామని పక్కనే చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అమ్మా అని అరిచాను. వేళ్లు చుర్రుమని కాలిపోయాయి. బావ నా వంక తిరిగి, ఏటైందన్నాడు. ఆయన చెయ్యి ఇంకా కుక్కరు మీదే ఉంది.

నేనే ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. వేళ్ల వెనక చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. చూస్తుండగానే పొంగడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఇంకెవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. నొప్పి అనలేదు. కుళాయి దగ్గరికి తీసుకెళ్లి నీళ్ల కింద పెట్టాను. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఎడం చేతికి స్పర్శ ఎప్పుడో పోయిందన్నాడు. ఆ జబ్బుతో కొందరికి అలా అవుతుందని డాక్టరు చెప్పాడట. కుడిచెయ్యి కూడా మొద్దుబారుతోందట, వేళ్లలో ఏదుందో చూసుకుంటే గాని తెలియడం లేదట. పడితే ఏటవుద్ది అని ఎందుకు అడిగేవాడో, గుండీ చప్పుడు ఎందుకు కావాలో నాకప్పుడు తెలిసింది. అంతకుముందు వరసగా ఆయన చేతిలోంచి టీ గ్లాసులు జారి పగిలినప్పుడు నీరసం వల్ల అనుకున్నాం.

"ఓనర్లకి సెప్పకు బావ," అన్నాడు. "ఏడి తెలీనోణ్ని పనికెవుడు పిలుత్తాడు? ఈ ఫోనుంటే నాకు సెయ్యున్నట్టే."

చెప్పను అన్నాను. ఆయన కుళాయి కట్టేసి, మరి ఫోనెందుకు సల్లగుందని సెప్పింది, అని అడిగాడు. ఆయనకు చెయ్యి కాలిన బాధ కన్నా అది పెద్ద బాధ. నాకూ అర్థం కాలేదు. కాసేపు ఆలోచిస్తే తట్టింది. మెరిసే స్టీలు ఆ కెమెరాకు అద్దం. అది తన వేడి తాను చూపించదు, ఎదురుగా ఉన్న గోడనూ మనల్నీ చూపిస్తుంది. అందుకే అందులో మేం కనబడ్డాం. జేబులోంచి మెరుపు లేని నల్ల ఇన్సులేషన్ టేపు తీసి, ఒక ముక్క తుంచి, కర్రతో కుక్కరుకు అతికించి మళ్లీ ఫోను పట్టాను. ఊదా మధ్యలో ఆ టేపు ముక్క తెల్లగా మండిపోతూ కనబడింది. బావ చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత జేబురుమాలు చేతికి చుట్టుకుని, ఆపరేటరు వచ్చేసరికి రేకు గీసుకుందని చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన జేబులో నల్ల టేపు చుట్ట ఉండేది.

కాలిన గాయం మానింది. మచ్చ మిగిలింది. ఫోను మాకిచ్చిన గడువు అయిపోయి తిరిగి పంపించేశాం. మరి ఇదే కొందామా అంటే, ఈసారి సూద్దాం అనకుండా, కొనీద్దాం అన్నాడు. డీలరు దగ్గర కొత్త సరుకు రావాలన్నాడు. వచ్చేలోపు బావ పోయాడు. డయాలసిస్ లేని రోజు, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడట, గుండె ఆగిపోయింది.

నాకు కబురొచ్చేసరికి ఒక మోటారు విప్పి ఉంది. దాన్ని బిగించి, నట్లు సరిచూసి, చేతులు కడుక్కుని వెళ్లాను. ఎందుకలా చేశావని తర్వాత మా ఆవిడ అడిగింది. ఎందుకో నాకు తెలియదు. పూండి దగ్గర వాళ్ల ఊరు. ఇంటి ముందు జనం ఉన్నారు, అక్క గొంతు పోయేలా ఏడుస్తోంది. నేను బావ పక్కన కూర్చుని ఆ ఎడం మోచెయ్యి మీద వేలు పెట్టాను. గుర్రుమనడం లేదు. లైను లేదు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. చుట్టూ అందరూ ఏడుస్తుంటే నా కళ్లు పొడిగానే ఉన్నాయి. పాడె కట్టడానికి తాడు సరిపోకపోతే నా సంచీలోంచి తీసిచ్చాను.

డీలరు పంపిన ఫొటోలు, అతను ఫోన్ చేసిన రెండు రోజులకు వచ్చాయి. మా రిపేరు షాపులో కూర్చుని చూశాను. మొదట బోర్డులు, మోటార్లు, ఆ కుక్కరు, అందులో మా ఇద్దరి పసుపు ఆకారాలు. నేను తీసినవో ఆయన తీసినవో అన్నీ పనికి సంబంధించినవే. తర్వాత నాకు తెలియనివి మొదలయ్యాయి. టీ గ్లాసు. పెనం. స్నానానికి తోడిన బకెట్టు నీళ్లు. అన్నం పెట్టిన కంచం. గట్టు మీద ముడుచుకుని పడుకున్న పిల్లి. ఫోను ఇంటికి పట్టుకెళ్లినప్పుడు, ముట్టుకుంటే తెలియని వాటన్నిటినీ ఆయన దాంతో చూసుకున్నాడు. ఆఖరి ఫొటో ఆయన ఎడం చెయ్యి, తిరగేసి ఉంది. చెయ్యి ఊదాగా, వేళ్ల చివర్లు దాదాపు నల్లగా ఉన్నాయి. దాని మీద అడ్డంగా నాలుగు పసుపు చారలు. కాలిన మచ్చ అనుకున్నాను. కానీ మచ్చ వేళ్ల మీద, ఈ చారలు చెయ్యి మీద. ఎంత చూసినా అర్థం కాలేదు. ఏ మోడల్ పంపమంటారు సార్, అని డీలరు ఫొటోల కిందే రాశాడు. బరువైనదే, పడితే పగలనిది, అని రాసి పంపాను.

బావ పనిముట్ల సంచీ నా దగ్గరే ఉండిపోయింది. అది ఇచ్చినట్టూ ఉంటుందని మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తోంది. సంచీ లోపల పెట్టించి, మంచినీళ్లిచ్చింది. ఫోను తీసి ఆ ఆఖరి ఫొటో చూపించి, ఇదేంటక్కా, ఈ చారలేంటి అన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను తీసుకుంది.

"నా ఏళ్లు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఫోను ఇంట్లో ఉన్నప్పుడు ఒకరోజు ఆయన అన్నం తిని కూర్చుని, నీ సెయ్యి తగిలినా నాకు తెలీట్నేదే, ఓపాలి గట్టిగా పట్టుకో అన్నాడట. పట్టుకుందట. కాసేపుంచి, ఇప్పుడు ఒగ్గీ అన్నాడట. వదిలేసిందట. అప్పుడు ఫోనుతో ఆ ఫొటో తీశాడట. ఆమె వేళ్లు ఆనిన చోట ఆ వేడి ఆయన చేతి మీద కాసేపు నిలిచిపోయింది. నాలుగు చారలు అవే.

"ఇంకా ఉన్నాది, ఇంకా ఉన్నాది అని అది సెరిగిపోయేదాక సూత్తానే ఉన్నాడు," అంది అక్క. "అది సెరిగిపోనాక, మళ్లీ పట్టుకోయే అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయని నాను లేసిపోనాను."

ఫోను నా చేతికిచ్చి మళ్లీ ఈనెలు అందుకుంది. తియ్యలేదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. నాకు తెలియకుండానే నా ఎడం చెయ్యి తిరగేసి ఆమె చేతి మీద ఆనించాను. వేడిగా ఉంది. బావ పోయాక నాకు మొదటిసారి ఏడుపొచ్చింది.